గొంతు ముందు, బొమ్మ తర్వాత

ఇవాళ పొద్దున సుశీల మేడమ్ వీడియో కాల్ చేశారు. రెండు మాటలయ్యాయో లేదో, తెర మీద ఆవిడ మొహం నవ్వబోతూ బిగుసుకుపోయింది. గొంతు మాత్రం ఆగలేదు. పక్కన పొయ్యి మీద తాలింపు చిటపటలు కూడా శుభ్రంగా వినబడుతున్నాయి. ఎవరికైనా విసుగొచ్చే సందర్భమే. నాకు మాత్రం ఆ చప్పుడు వింటుంటే నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే ఆర్డినరీ బస్సు, అందులో డీజిల్ వాసన గుర్తొచ్చాయి.

మేడమ్ నాకు ఎం.టెక్.లో గైడు. కాలేజీ నందిగామ దగ్గర, హైవే పక్కన. ఫోన్లలో వీడియో కాల్ అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులు. "కంప్యూటర్ లోపల పెద్ద గొడవేం లేదమ్మా, ఎవర్ని ముందు పంపాలి, ఎవర్ని కాసేపు ఆపాలి, అంతే" అని ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం మొత్తాన్ని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. నా ప్రాజెక్టు కూడా ఆ గొడవే. కాల్ మధ్యలో నెట్‌వర్క్ ఇరుకైతే ముందు బొమ్మను పంపాలా, మాటను పంపాలా? మాది జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు. పెద్ద బేరం ముందు అన్నది నాకు పాలతో పాటు పట్టిన బుద్ధి. ట్రక్కు సరుకుకి వచ్చినాయన నిలబడి ఉంటే, కాఫీపొడి పొట్లానికి వచ్చినావిణ్ణి ఎవరు పలకరిస్తారు? బొమ్మ డేటా బోలెడంత, మాట డేటా పిసరంత. నేను బొమ్మకే పెద్దపీట వేశాను. ల్యాబులో గ్రాఫులు ముచ్చటగా వచ్చాయి.

ఆ వారమే ఫైనల్ రివ్యూ. అది గట్టెక్కితేనే పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్ళగలను, లేకపోతే చదువు చాలించి కొట్లో కూర్చోవాలని ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది. రిపోర్టు పట్టుకుని సంతకానికి వెళితే మేడమ్ గ్రాఫుల వైపు చూడనైనా చూడలేదు.

"పెడతాలే. ముందు ఒకసారి బస్సెక్కుదాం పద."

"బస్సెందుకు మేడమ్? ల్యాబులో అంతా చూసా కదండీ."

"ల్యాబు కదలదు కదమ్మా" అన్నారు, చెప్పులు వేసుకుంటూ.

బస్సులో వెనక సీట్లో కూర్చుని, నా ప్రోగ్రాముతో వీరులపాడులో ఉన్న వాళ్ళమ్మగారికి కాల్ చేశారు. ఆ పెద్దావిడకు చూపు పోయి చాలా కాలమైందట. పక్కింటివాళ్ళు ఫోను ఎదురుగా నిలబెట్టి వెళ్ళారు. నాకు నోరు ఊరుకోదు. "చూపు లేనావిడకి వీడియో ఎందుకండీ?" అని అడిగాను.

"ఆమె చూడ్డానికి కాదు. ఆమెని నేను చూసుకోడానికి."

బస్సు ఊరు దాటింది. సిగ్నల్ సన్నబడింది. తెర మీద పెద్దావిడ మొహం, వెనక గోడకున్న శిలువతో సహా చక్కగా కనబడుతోంది. నేను లోలోపల మురిసిపోతున్నాను. ఇంతలో అటూ ఇటూ మాటలు ముక్కలైపోయాయి. ఆవిడ చెవి ఫోను వైపు వంచి, చేత్తో గాల్లో తడుముతూ ఏదో అడుగుతున్నారు. మాకు వినబడింది రెండే ముక్కలు: "అమ్మాయ్... పడ్డావా?" మేడమ్ ఎంత పిలిచినా అటు చేరలేదు. ఆ భయం మొత్తం మాకు స్పష్టంగా కనబడుతూనే ఉంది, నా ప్రోగ్రాము పుణ్యమా అని. నాకు ఏడుపొచ్చేసింది.

దిగాక మేడమ్ పెన్ను తీశారు. "గ్రాఫులు తప్పు కాదు. సంతకం పెట్టమంటే పెడతా." ఒక్క మాట పరుషంగా అనలేదు. అందుకే నాకు దారి లేకపోయింది. రిపోర్టు నేనే వెనక్కి తీసుకున్నాను.

ఆ ఏడాది ఇంటర్వ్యూ పోయింది. అనుకున్నట్టే కొట్లో కూర్చోబెట్టారు. ఒక ఆదివారం మేడమ్ చర్చి నుంచి తిన్నగా మా కొట్టుకి వచ్చి, బస్తా మీద కూర్చుని నాన్నతో, "అమ్మాయి మంచి పని మొదలెట్టిందండి. సగంలో వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది" అన్నారు. నాన్న సోడా తెప్పించి, "బేరాలు లేనప్పుడు చేసుకోమనండి" అన్నారు. మా ఇంట్లో అది వరం కిందే లెక్క. మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ, గల్లాపెట్టె పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రాము తిరగరాశాను. ఎంత ఇరుకైనా మాటకు దారి వదలాలి, మిగిలిన చోటే బొమ్మది.

మళ్ళీ అదే రూటు బస్సెక్కి, ఆ పెద్దావిడకే కాల్ చేశాం. ఊరు దాటగానే బొమ్మ బిగుసుకుపోయింది. అటునుంచి గొంతు మాత్రం తీరిగ్గా వచ్చింది: "హారన్ వినబడతందే. బస్సులో ఉన్నావా? పక్కన కూర్చున్నట్టే ఉంది." మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాతి రివ్యూ, పీహెచ్‌డీ సీటు అన్నీ వచ్చాయి. వాటికంటే ఆ చెయ్యే నాకు ఎక్కువ గుర్తు.

ఇప్పుడు నేనూ గైడునే. ఇవాళ మధ్యాహ్నం ఒకమ్మాయి మెరిసిపోయే గ్రాఫులు తెచ్చి సంతకం అడిగింది. కాగితాలు పక్కన పెట్టి, "నువ్వు రోజూ ఎవరికి కాల్ చేస్తావు?" అన్నాను. ఆ అమ్మాయి తికమకపడి, వాళ్ళ అమ్మమ్మకని చెప్పింది.

"ఆవిడకోసారి ఫోన్ చేసి, ఇప్పుడు ఖాళీగా ఉన్నారేమో కనుక్కో" అని, నా చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నాను.