పదకొండు ఆయ్‌లు

ఏడాదిన్నరపాటు నేను ఎనిమిదేళ్ళ మగపిల్లాణ్ణి. పగలు పదకొండు నుంచి మూడు వరకే. మిగతా వేళల్లో రాజోలు దగ్గర ఒక ఊళ్ళో, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటున్న ఇరవై మూడేళ్ళ ఆడపిల్లని. ఫోన్లలో పిల్లలు చూసే ఒక తెలుగు కార్టూన్‌లో హీరోకి గొంతు నాది. కార్టూన్లలో మగపిల్లల గొంతు చాలావరకు ఆడవాళ్ళే ఇస్తారు. మగపిల్లలకి కాస్త వయసు రాగానే గొంతు బొంగురుపోతుంది. మాకు జలుబు చేస్తే తప్ప ఆ ఇబ్బంది లేదు.

మా హీరో పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకుని నీళ్ళమీద పరిగెడతాడు. అదే వాడి శక్తి. అది విని లోకమంతా ఏమనుకుంటుందో తెలీదు కానీ, గోదావరి పాయల మధ్య మా లంకల్లో వాళ్ళు మాత్రం, "అయితే వంతెన అక్కర్లేదన్నమాట" అన్నారు.

రికార్డింగు అమలాపురంలో, ఎరువుల కొట్టు మేడమీద ఒక గదిలో. మామూలుగా అక్కడ పెళ్ళి వీడియోలకి పాటలు కలుపుతారు. గోడలకి పాత పరుపులు కట్టేశారు. ఆ గది నడిపే ఆయన మా నాన్నకి స్నేహితుడు, నాకు బాబాయిగారు. శబ్దం రాకూడదని ఫ్యాను ఆపేసేవారు. హీరో ఆపదలో చిక్కుకున్నప్పుడు నాకు కారిన చెమటలో నటన ఏమీ లేదు. దర్శకుడు హైదరాబాదులో ఉండి, ఫోన్ స్పీకర్లోంచి వింటూ, "ఇంకొంచెం భయం, ఇంకొంచెం" అనేవారు. వంకాయలు బేరమాడుతున్నట్టుండేది.

మొదటిరోజు ఆయన నన్ను మెచ్చుకున్న మాట నాకు బాగా గుర్తు. "మీది గోదావరి అంటే ఎవరూ నమ్మరమ్మా. ఎక్కడా యాస లేదు." ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "మరి ఏ ఊరి మనిషిలా ఉన్నావంట?" అంది అమ్మ. ఆ ప్రశ్నకి కోపం వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మధ్యలో ఆకలేసి లేచి తిన్నాను.

ఏడాదిన్నరకి మా విలన్‌కి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఊరందరికీ ఉచితంగా సీలింగ్ ఫ్యాన్లు పంచుతాడు. వాటి రెక్కలమీద గీతలుంటాయి. ఫ్యాను తిరిగితే ఆ గీతలు సుడిలా తిరుగుతాయి. కిందనున్న వాళ్ళ బుర్ర వాడి చేతిలోకి పోతుంది. మా హీరో కూడా ఆ ఫ్యాను కింద కునుకు తీసి దొరికిపోతాడు. మా ఊళ్ళో అయితే ఈ పథకం మధ్యాహ్నం దాకా కూడా సాగదు. కరెంటు పోగానే ప్రజలందరికీ స్వాతంత్ర్యం వచ్చేస్తుంది.

ఆ ఎపిసోడు స్క్రిప్టు వచ్చిన రోజున సగం దాకా మైకులో చెప్పుకుంటూ పోయి ఒకచోట ఆగాను. బుర్ర పోయాక హీరోకి పదకొండు డైలాగులున్నాయి. పదకొండింటిలోనూ "ఆయ్" ఉంది. "ఆయ్ ప్రభూ." "ఆయ్, అలాగేనండి ప్రభూ." "ఆయ్, బడి కూల్చేస్తానండి ప్రభూ." పక్కన మార్జిన్‌లో ఇలా రాసి ఉంది: బుర్ర లేనట్టు, బానిసలా, గోదావరి యాసలో.

"ఇదేంటండీ?" అన్నాను ఫోన్‌తో.

"అదేనమ్మా, మైండ్ కంట్రోల్" అన్నారు దర్శకుడు. "ఇప్పటిదాకా వాడు మామూలుగా మాట్లాడాడు కదా. ఇప్పుడు తేడా తెలియాలి. మీ సైడు అందరూ ఆయ్ ఆయ్ అంటారు కదా, అది పెట్టేయండి. ఏం చెప్పినా తలూపేవాడిలా ఉంటుంది. పిల్లలు పడిపడి నవ్వుతారు."

"ఆయ్" అన్నారు బాబాయిగారు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని.

"చూశారా! ఆయన ఒప్పుకున్నారు."

"లేదండీ" అన్నారు బాబాయిగారు కంగారుగా. "వినబడతందని చెప్పేనండీ."

ఫోన్‌లో ఆయనకి ఆ తేడా అందలేదు. అందకపోవడం ఆయన తప్పు కూడా కాదు. బయటివాళ్ళందరూ చేసే పొరపాటే అది. మేము ఆయ్ అనగానే ఒప్పేసుకున్నామనుకుంటారు. ఆ మాటకి అర్థం "మీరు చెప్పింది నా చెవిన పడింది" అని మాత్రమే. దాన్ని చేస్తామో చెయ్యమో ఆ మాటలో ఉండదు. అది తరవాత తెలుస్తుంది. ఒక్కోసారి ఎప్పటికీ తెలియదు.

కావాలంటే ఉప్పలగుప్తం వైపు నుంచి మోటారుసైకిలు మీద వచ్చే ఒకాయన్ని అడగండి. మా మామ్మకి, అంటే మా నాన్నగారి అమ్మకి, ఇంటివెనక చిన్న కొబ్బరితోట ఉంది. దాన్ని రొయ్యల చెరువు చేసేద్దామని ఆయన మూడేళ్ళుగా వస్తున్నారు. ఉప్పునీరు ఒకసారి పెట్టారంటే తరవాత అక్కడ కొబ్బరి బతకదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మామ్మకీ తెలుసు.

"మామ్మగారూ, కొబ్బరిలో ఇంకేవుందండీ? కాయ దింపడానికి మనుషులే దొరకట్లేదు. చెరువు తవ్వేద్దారండీ."

"ఆయ్."

"పక్కోళ్ళు ఇచ్చేసేరండీ."

"ఆయ్, అలాగానండీ."

"మరి ఎండలు తగ్గేక మొదలెట్టేద్దారా అండీ?"

"ఆయ్. కాఫీ తాగుతారేంటండీ?"

ఆయన కాఫీ తాగి, పని అయిపోయిందని సంతోషంగా వెళ్ళిపోతారు. రెండో ఏడు వచ్చి హద్దులకి కర్రలు కూడా పాతించారు. మామ్మ ఆ కర్రలకి బీరపాదు పాకించింది. మూడో ఏడు ఆయన వచ్చేసరికి కాయలు వేలాడుతున్నాయి. పాపం ఆయన తట్టుకోలేకపోయారు.

"అదేంటండీ, మీరు ఆయ్ అన్నారు కదండీ!"

"అన్నానండీ" అంది మామ్మ. "మీరు చెప్తన్నారు, నేను వింటన్నానండీ. పెద్దమనిషి మాటాడతా ఉంటే పలక్కుండా కూచుంటే ఏం బాగుంటాదండీ?"

పోతూ పోతూ ఆయన రెండు బీరకాయలు పట్టుకెళ్ళారు. మామ్మే ఇచ్చింది.

ఇదంతా ఫోన్‌లో దర్శకుడికి చెప్పాను. ఆయన నవ్వారు. నవ్వడం విని గెలిచాననుకున్నాను. "అందుకేనండీ, తిరగేద్దాం" అన్నాను. "వాడు మామూలుగా ఉన్నప్పుడే ఆయ్ అంటాడు. బుర్ర పోయాక పాఠ్యపుస్తకంలా మాట్లాడతాడు. 'తప్పకుండా ప్రభూ, తమ ఆజ్ఞ ప్రభూ' అని. పిల్లలు నిజంగా భయపడతారు."

"కథ బాగుందమ్మా. కానీ కాన్సెప్ట్ మార్చలేం. పదకొండు చిన్న డైలాగులు. అరగంట పని. మీరు కాకపోతే ఇంకొకరు చెప్తారు."

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఆ ఏడాదిన్నరలో నేనే ఇంట్లో కూడా ఆయ్ అనడం మానేశాను. ఎవరూ మానమనలేదు. మైకు ముందు మానేసి, ఫోన్‌లో మానేసి, ఆఖరికి పెరట్లో కూడా మానేశాను. మామ్మ పిలిస్తే "చెప్పు" అంటున్నాను. "ఆఫీసరమ్మగారు వచ్చేరు, పీట వెయ్యండి" అని మా అమ్మ అనడం మొదలెట్టి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. నన్ను పట్టడానికి ఫ్యాను కూడా అక్కర్లేకపోయింది. "యాస లేదు" అన్న ఒక్క మెచ్చుకోలు సరిపోయింది. విలన్లు అనవసరంగా ఖర్చు పెడుతున్నారు.

ఆ పిల్లాడి గొంతు నేను ఊరికే తెచ్చుకోలేదు. వాడి నవ్వు, వాడి ఎక్కిళ్ళు, పరిగెత్తి వచ్చి మాట అందక ఆగే ఆ ఆయాసం, అన్నీ ఒక్కొక్కటే కూడబెట్టాను. ఈ పదకొండూ చెప్పకపోతే వాడు ఇంకొకరి దగ్గరికి పోతాడు. చెప్తే మా మామ్మ మాటని బుర్రలేనివాడి మాటగా పిల్లలందరికీ నేర్పినదాన్ని నేనే అవుతాను. అదీ నా గొంతుతోనే.

"ఈ పదకొండూ నేను చెప్పనండీ" అన్నాను.

"ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్తున్నానండీ."

గొప్పగా లేచి బయటికి నడిచాననుకోకండి. తలుపుకి పరుపు కట్టి ఉండడంతో గడియ దొరకలేదు. బాబాయిగారే లేచి వచ్చి తీయాల్సి వచ్చింది. తీసి, మెల్లిగా, "మంచి పని చేసేవమ్మా" అన్నారు. మళ్ళీ ఆయనే, "మీ నాన్నతో మాత్రం ఈ మాట నేనన్నట్టు చెప్పకు" అన్నారు.

ఇంట్లో చెప్పాను. అమ్మ కూరలు తరుగుతోంది.

"పదకొండు మాటలే కదే. అనేసి వచ్చేత్తే సరిపోయేది."

"ఏ మాటో విన్నావు కదమ్మా?"

"విన్నానే. ఇన్నేళ్ళూ ఎవరెవరో ఎన్నో అన్నారు, మనకేవన్నా చిల్లుపడిందా?" అని కాసేపు తరిగి, కత్తిపీట ఆపి, "బానిసలంట. ఎవడాడు?" అంది. అంతే. మళ్ళీ తరగడం మొదలెట్టింది. ఆ రోజు బెండకాయముక్కలు మరీ సన్నగా వచ్చాయి.

మామ్మ మాత్రం కథంతా విని ఒకటే ప్రశ్న వేసింది. "ఆ ఫేన్లు నిజంగా ఊరికే ఇచ్చేత్తన్నాడా? మన వంటింట్లోకి ఒకటి చెప్పకపోయావా?"

పది రోజుల తరవాత ఆ ఎపిసోడు వచ్చింది. ఎదురింటి పాప రెండో తరగతి. ఎపిసోడు వచ్చినప్పుడల్లా ఫోను పట్టుకుని మా అరుగుమీద నా పక్కన కూచుని చూడడం దాని అలవాటు. నేనే హీరోనని దానికి తెలుసు. బడిలో చెప్తే ఎవరూ నమ్మలేదని ఒకసారి ఏడ్చింది కూడా. ఎపిసోడు సగం దాకా నా గొంతే నడిచింది. ఫ్యాను తిరిగింది. హీరో కళ్ళు సుడి తిరిగాయి. "ఆయ్ ప్రభూ! ఆయ్ ప్రభూ!" అంది ఇంకెవరి గొంతో.

పాప ఫోను ఆపి నా వైపు చూసింది. "అక్కా, నీకు జలుబు చేసిందా?"

"అది నేను కాదే."

"మరెవరు?"

"వాడే. విలన్ వాడి బుర్ర మార్చేశాడు."

"బుర్ర మారిత్తే గొంతెలా మారుద్ది?"

దర్శకుణ్ణి అడగవలసిన ప్రశ్న. పాప మళ్ళీ పెట్టి ఇంకాస్త చూసి, ఇంకా పెద్ద తప్పు పట్టింది.

"వీడికి ఆయ్ అనడం రాదక్కా. విలనోడు ఇంకా ఏం చెప్పనేలేదు, ముందే ఆయ్ అంటన్నాడు. ఎవరేనా చెప్తే కదా ఆయ్ అనాలి. ఊరికే అంటే పిచ్చోడంటారు."

వ్యాకరణం ఎవరూ నేర్పకుండానే ఇంత స్పష్టంగా వచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. దానికి బెల్లం జీళ్ళు పెట్టాను.

ఆ వారంలోనే దర్శకుడు ఫోను చేశారు. మాటలో మర్యాద పెరిగింది. "వచ్చే ఎపిసోడులో హీరో మామూలైపోతాడమ్మా. పిల్లలు పాత గొంతే కావాలంటున్నారు. వచ్చేయండి, జరిగింది వదిలేద్దాం."

"వస్తానండీ. ఒక్కటే. ఇకమీదట మా మాటని బుర్రలేనివాళ్ళకీ, తాగుబోతులకీ, పనివాళ్ళకీ మాత్రమే పెట్టకూడదండీ. హీరో కూడా అనాలి."

"అది నా చేతిలో లేదమ్మా. పైవాళ్ళు ఒప్పుకోరు."

"పోనీ పైవాళ్ళని అడగండి."

"ఇంత చిన్నదానికి ఏమడుగుతాం?"

"చిన్నదే అయితే ఒప్పేసుకోవచ్చు కదండీ."

ఆయన చాలాసేపు మాట్లాడారు. అవకాశాలు, భవిష్యత్తు, నా వయసు, అమలాపురంలో ఉండిపోతే ఏమౌతాను. మధ్యమధ్యలో నేను "ఆయ్" అన్నాను. ఏడాదిన్నరలో ఆయనతో అనడం అదే మొదలు. ఆఖరున సంతోషంగా, "అయితే సోమవారం వస్తున్నారుగా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

సోమవారం ఇంకో అమ్మాయి వెళ్ళింది. వాడిప్పుడు ఆమె పిల్లాడు. ఆమెమీద నాకు కోపం లేదు. పరిగెత్తినప్పుడు ఆయాసం మాత్రం సరిగా పట్టడంలేదు. ఈ మాట అసూయతో అంటున్నాననుకుంటే అనుకోండి, కొంచెం ఉంది.

రెండు నెలలు ఊరికే కూచున్నాను. ఒకరోజు బాబాయిగారు ఫోను చేశారు. "అమ్మా, పాత సామాన్లు కొనే ఆటో ఆయన వచ్చేడు. మైకులో ఆయన గొంతు వింటే జనం తలుపులేసుకుంటన్నారంట. నువ్వు ఓ నాలుగు మాటలు చెప్పి పెడతావేంటి?"

వెళ్ళాను. కాగితం మీద నాలుగు లైన్లు. ఇనుము, ప్లాస్టిక్ బిందెలు, విరిగిన కుర్చీలు. మామూలు గొంతుతో ఒకసారి చెప్పాను. బాగానే ఉంది. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. ఆ పిల్లాడి గొంతు తీశాను. నవ్వు, ఎక్కిళ్ళు, పరిగెత్తి వచ్చిన ఆయాసం, అన్నీ వేసి: "ఏవండోయ్ పిన్నిగారూ! ఉన్నారా అండీ? పాత ఇనుం తెచ్చేయండి, మంచి ధర ఇస్తామండీ!"

బాబాయిగారు హెడ్‌ఫోన్లు తీశారు. "ఇది వాళ్ళది కదమ్మా?"

"రెయిన్‌కోటు వాళ్ళదండీ. గొంతు నాది."

ఆటో ఆయనకి రెయిన్‌కోటు సంగతేమిటో తెలీదు. గొంతు నచ్చింది, పట్టుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న ఆటో మా వీధిలోకి వచ్చింది. మొదటి కేకకే పిల్లలు గుమ్మాల్లోకి వచ్చారు. రెండో కేకకి పరిగెత్తారు. ఒకడు వాళ్ళమ్మ కూర కలుపుతున్న గరిటె లాక్కొచ్చాడు. ఎదురింటి పాప వాళ్ళ నాన్న సైకిలు తోసుకొచ్చింది, ఆయన రోజూ పనికి తొక్కుకెళ్ళే సైకిలు. ఆటో వెనక పేరుకున్న బిందెల మధ్య తల దూర్చి చూసింది.

"అసలోడు తప్పించుకొచ్చేసేడా అండీ? లోపలున్నాడా?"

ఆటో ఆయన ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి సైకిల్ని చూశాడు.

"ఉన్నాడమ్మా. పనిలో ఉన్నాడు" అన్నాడు. "ముందు ఆ సైకిలు ఇంట్లో పెట్టేసిరా."