యాప్రాల్‌లో బోరునీళ్ల మడ అడవి

సికింద్రాబాదుకు జనం పెళ్లిళ్లకు వెళ్తారు, ఆసుపత్రి పనిమీద వెళ్తారు. నేను మాత్రం సముద్రం ఒడ్డున మడ అడవి తిరిగి ఎలా వస్తుందో కొలవడానికి డబ్బు అడగడానికి వెళ్లాను. తీరం మీద పరిశోధన చేస్తూ, భుజాన ల్యాప్‌టాప్ వేసుకుని నగరాల్లో ఆఫీసుల మెట్లెక్కేవాళ్లు నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఈ టపా వాళ్లకోసం రాస్తున్నాను. బిర్యానీ ఎక్కడ బాగుంటుందో తెలుసుకుందామని వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, ఆ రోజు నేను బిర్యానీ తినలేదు.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. కాకినాడకు దక్షిణాన ఒక పాయ పక్కన ఒకప్పుడు దట్టంగా మడ చెట్లుండేవి. వాటిని కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారు. నష్టాలొచ్చాక చెరువులు వదిలేశారు, గట్లు మాత్రం మిగిలాయి. ఆ గట్లు అడ్డుపడి పోటు నీరు లోపలికి రాకపోవడంతో నేలంతా ఉప్పు పేరుకుపోయింది. మేం గట్లకు గండ్లు కొట్టి పిల్ల కాలువలు తవ్వాం. నీరు వచ్చిపోతూ ఉంటే మొలకలు వాటంతటవే కొట్టుకొచ్చి బురదలో నాటుకుంటాయి. కాలువ ఎంత లోతుంటే మొలకలు బాగా నిలుస్తున్నాయో రెండు వానాకాలాలు కొలిచాం. మూడో వానాకాలం కూడా కొలిస్తేనే ఆ ఫలితం నమ్మదగ్గదవుతుంది, తీరం పొడుగునా పాడుబడ్డ చెరువులన్నిటికీ పనికొస్తుంది. పాత గ్రాంటు మార్చితో అయిపోయింది. మా దగ్గర రోజూ నీటి మట్టం, ఉప్పు శాతం కొలిచే పోలమ్మ జీతం ఆగినా పని ఆపలేదు. మధ్యలో కొలత ఆగితే రెండేళ్ల శ్రమ గంగలో కలిసినట్టే.

అలాంటి సమయంలో సికింద్రాబాదులోని ఒక ట్రస్టు నుంచి మెయిల్ వచ్చింది. తీరప్రాంత పరిరక్షణకు నిధులిస్తున్నాం, మీ ప్రతిపాదన చూశాం, ఒకసారి వచ్చి మాట్లాడండి అని. మే నెల, ఎండలు మండిపోతున్నాయి. కాకినాడ నుంచి రాత్రి బండికి స్లీపర్ టికెట్ తీశాను, నాలుగు వందల పైచిలుకు. ఏసీకి పెట్టే డబ్బులుంటే పోలమ్మకే ఇచ్చేదాన్ని. సామర్లకోట దాటాక కిటికీలోంచి కాస్త గాలి తగిలి నిద్రపట్టింది. తెల్లవారాక సికింద్రాబాదులో దిగాను. స్టేషన్ కొత్తగా కడుతున్నారు కాబట్టి ఎటు చూసినా రేకులు అడ్డంపెట్టి ఉన్నాయి, దారి చూపే బోర్డులను నమ్మకండి, పోర్టర్లను అడగండి. వెయిటింగ్ హాల్లో గంట లెక్కన డబ్బు కట్టి స్నానం చేసి చీర మార్చుకున్నాను. బయట బండి మీద ఇడ్లీ తిని, ఇరానీ చాయ్ తాగాను. అప్పటికి ఇంకా నా నోట్లో చేదు లేదు.

ట్రస్టు ఆఫీసు కార్ఖానాలో. అటువైపు సిటీ బస్సులు బోలెడు, కానీ చేతిలో మట్టి నమూనాల డబ్బా ఉండటంతో ఆటో ఎక్కాను. నూటయాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. ప్యారడైజ్ దగ్గర సిగ్నల్ పడితే వెనక్కి తిరిగి ఆ డబ్బాలో ఏముందని అడిగాడు.

"సముద్రం ఒడ్డు మట్టి. దీని మీద పరిశోధన చేస్తాం. దానికి డబ్బు ఇస్తారని వచ్చాను."

"సముద్రానికి పైసలు అడగనీకి ఈడిదాక వచ్చిన్రా? ఈడ సముద్రమే లేదు గదా మేడం."

"డబ్బు ఇక్కడుంది."

"అది కరెక్టే," అన్నాడు. కాస్త ఆగి, "హుస్సేన్ సాగర్‌కు సుత మస్తు పైసలు వెట్టిన్రు. వానలు వడ్డప్పుడు ఒక్కపారి ముక్కు మూస్కోకుండ దాని పక్కకెళ్లి పోయి సూడుండ్రి," అన్నాడు.

నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అదొక్కసారే.

ఆఫీసు ఒక ఫర్నిచర్ షోరూమ్ పైన మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ ఉంది, ఏసీ ఉంది, గోడ నిండా మొక్కలు నాటుతున్న మనుషుల ఫోటోలున్నాయి. ఒక్క ఫోటోలోనూ పెరిగిన చెట్టు లేదు. ట్రస్టు వ్యవహారాలు చూసే శ్రీధర్ గారు ఎదురొచ్చి కూర్చోబెట్టారు. ఏదో పెద్ద కంపెనీలో చేసి రిటైరైన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. నా స్లైడ్లన్నీ ఓపికగా చూశారు. డబ్బాలో మట్టిని వేళ్లతో నలిపి వాసన చూశారు కూడా. ఈయనకు అర్థమవుతోందని నేను పొంగిపోయాను. చివర్లో ఒకే ప్రశ్న అడిగారు.

"బాగుంది మేడం. ఇంతకు ఎన్ని మొక్కలు నాటుతరు?"

"మేం నాటమండీ. నీటికి దారిస్తే అవే వస్తాయి."

"మరి మా పైసలు ఏం చేస్తయి?"

"కొలుస్తాయి. ఏ కాలువలో మొలకలు నిలిచాయి, ఎందుకు నిలిచాయి అన్నది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "కొలుచుడు ఫోటోల ఎట్ల కనబడ్తది మేడం? రేపు బోర్డు మీటింగ్‌ల నేనేం చూపియ్యాలె?"

నేను గ్రాఫులున్నాయన్నాను. ఆయన జాలిగా చూశారు. తర్వాత ముఖం వికసించింది. "మీకు ఒకటి చూపిస్త రండి. మేం ఆల్రెడీ షురూ చేసినం," అని కారు తీయించారు.

కార్ఖానా నుంచి తిరుమలగిరి మీదుగా యాప్రాల్ వెళ్లాం, అరగంట పట్టింది. మధ్యలో సైన్యం వారి రోడ్లున్నాయి. కొన్ని వేళల్లో మూసేస్తారు కాబట్టి ఆటోవాణ్ణి ముందే అడిగి ఎక్కండి. రోడ్డుకిరువైపులా నీడ బాగుంది, గోడలకు సున్నం మెరుస్తోంది. ఆ దారి దాటగానే అపార్ట్‌మెంట్లు మొదలయ్యాయి. వాటి వెనకాల ఒక ఖాళీ స్థలంలో ఆకుపచ్చ నెట్ కట్టి ఉంది. లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయాను.

నల్ల పాలిథీన్ సంచుల్లో, వరసలు వరసలుగా, ఉప్పుపొన్న. మడ అడవిలో కాళ్లలాంటి వేళ్లు దింపే చెట్టు. మా పాయ దగ్గర మోకాలెత్తు రావడానికి నానా కష్టాలు పడే మొక్క, ఇక్కడ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో నడుము దాకా పెరిగి, ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. నిజం చెప్తున్నాను, ముందు సంతోషమే వేసింది. ఎక్కడ కనబడినా మడ మొక్క మడ మొక్కే కదా.

నర్సరీ చూసుకునే ఖాజా భాయ్ పైపు పక్కన పడేసి వచ్చాడు. యాభై దాటిన మనిషి. వాళ్ల నాన్న కూడా కంటోన్మెంట్ బంగళాల్లో తోటపని చేసేవాడట.

"షురూల బహుత్ పరేషాన్ అయిన మేడం. సార్లు కాకినాడ టూర్ పోయినప్పుడు వీటి మొలకలు దెచ్చి నాటుమన్నరు. మునగకాయ లెక్క పొడుగున్నయ్, ఏం చెట్లో నాకేం తెల్వది. ఎర్రమట్టి, ఎరువు కలిపి వెట్టిన. పొద్దుమాపు బోరు నీళ్లు. ఈ ఎండలకు సుత ఒక్కటి వోనియ్యలె."

శ్రీధర్ గారు ఫోన్ తీసి తమ పథకం చెప్పారు. పర్యావరణ దినోత్సవం నాడు ఇవన్నీ లారీలో మా పాయ దగ్గరికి వస్తాయి. ముఖ్య అతిథి వస్తారు. ఒక్కో మొక్కకు ఒక్కో దాత పేరుతో రేకు కడతారు. నాటే చోటు కూడా మ్యాప్‌లో గుర్తుపెట్టారు. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆటు సమయంలో బయటపడే బురదమేట. అక్కడే ఎందుకని అడిగితే, "అక్కడిదాక కారు పోతది మేడం" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఖాజా భాయ్ అడిగాడు. "సముద్రం కాడ ఇంక మంచిగ వెరుగుతయి గదా మేడం? ఆడ వీటి ఇల్లే గదా."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ మొక్కల్ని అంతగా పెంచిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"బతకవు ఖాజా భాయ్. పుట్టినప్పటి నుంచి మంచినీళ్లు తాగినవి, ఒక్కసారిగా ఉప్పునీళ్లలో పెడితే తట్టుకోలేవు. పైగా ఆ మేట చాలాసేపు నీళ్లలో మునిగుంటుంది. అక్కడ ఎప్పుడూ మడ మొలవలేదు."

ఖాజా భాయ్ మొక్కల వైపు తిరిగి చూశాడు. ఒక ఆకు మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "మరి నీళ్లల్ల జెర జెర ఉప్పు కలిపి పోసుకుంట పోతే అలవాటు గావా?"

"అవుతాయి. వానలు తగ్గేదాకా ఓపిక పడితే మా కాలువల పక్కన పెట్టుకోవచ్చు. సగం కాలువలకు ఇవి పెట్టి, సగం వదిలేసి, ఏది మేలో కొలవచ్చు కూడా." చెప్తుంటే నాకే హుషారొచ్చింది. శ్రీధర్ గారి వైపు తిరిగాను. "ఇది మంచి ప్రయోగం అవుతుందండీ. ఆర్నెల్లు ఆగండి చాలు."

"అయిదో తారీఖుకు గెస్ట్ ఫిక్స్ అయిన్రు మేడం."

"మొక్కలకు ఆ సంగతి తెలియదు కదండీ."

ఆయన నొచ్చుకోలేదు. నన్ను పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, చాలా మర్యాదగా చెప్పారు. "కొన్ని పోతయి, అది నాకు సుత తెలుసు. పోతే వచ్చే ఏడు మళ్ల నాటుదం. మీరు సైంటిఫిక్ అడ్వైజర్ అని సంతకం వెట్టుండ్రి. మీ కొలుచుడు ఖర్చు ఆ బడ్జెట్‌లనే సర్దుత. ఏడాదికి మీకు ఫికర్ ఉండది."

ఆశ పుట్టలేదని చెప్పను. మూడో వానాకాలం చేతికందేంత దూరంలో ఉంది, ఒక్క సంతకం. కానీ ఆ మేట మీదే ఆటు వేళ పోలమ్మ, వాళ్ల వీధి ఆడవాళ్లు గవ్వలు, పీతలు ఏరుకుంటారు. వలస పిట్టలు దిగేదీ అక్కడే. నా పేరు చూసి రేపు ఇంకో ట్రస్టు ఇంకో మేటను పాడుచేస్తుంది. కుదరదని చెప్పేశాను. శ్రీధర్ గారు అయ్యో అన్నట్టు తలూపి, భోజనం చేసి వెళ్లమన్నారు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ పోయేదాన్ని, చెడ్డవాడు కాదు. అదే నా కడుపుమంట.

ఆ భోజనానికి ఆగలేదు. యాప్రాల్ నుంచి స్టేషన్‌కు సిటీ బస్సుంది. ముప్పై రూపాయల్లో అయిపోతుంది, ట్రాఫిక్ ఉంటే గంటపైనే. సాయంత్రం బండికి చాలా వ్యవధి ఉంది. ప్లాట్‌ఫారం మీద పెరుగన్నం పొట్లం విప్పుతుంటే పోలమ్మ ఫోన్ చేసింది.

"ఏమన్నారండీ మేడం గారూ? డబ్బులిత్తారాండీ?"

ఉన్నదున్నట్టు చెప్పాను.

"మన గవ్వల మేట మీదాండీ నాటేది?"

"అక్కడే."

"అయితే రేపట్నుంచి కొలవడం మానెయ్యమంటారాండీ?"

ఊరికే కొలవమని చెప్పడానికి నాకేం హక్కుంది? నెలాఖరు దాకా చూద్దాం అన్నాను. ఆ మాటలో పస లేదని ఇద్దరికీ తెలుసు.

అనుకున్నట్టే అయిదో తారీఖున లారీ వచ్చింది. సైంటిఫిక్ అడ్వైజర్ అని ఇంకెవరో సంతకం పెట్టారు. ముందురోజు రాత్రి ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. "ఉప్పు నీళ్లు షురూ చేసిన మేడం, చెంచెడు చెంచెడు. అలవాటు అయితుండె. ఇంతల్నే లోడ్ చేసి ఎత్కవోయిన్రు," అన్నాడు. ఆ తర్వాత ఏమైందో నేను వెళ్లి చూశాను. అమావాస్య పోట్లు దాటేసరికి ఆకులు నల్లబడి, మొక్కలు బురదలో వాలిపోయి ఉన్నాయి. దాతల పేర్ల రేకులు మాత్రం మెరుస్తున్నాయి. అవి కాళ్లకు గుచ్చుకుంటున్నాయని ఆడవాళ్లు ఆ మేట మీదికి వెళ్లడం మానేశారు. పోలమ్మ ఇప్పుడు రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోతోంది. వానాకాలం మొదలైంది, మా కాలువల్లోకి నీరు వచ్చిపోతూనే ఉంది. ఎంత వస్తోందో ఈ ఏడు ఎవరికీ తెలియదు.

డబ్బు లేక పరిశోధన ఆగిపోయిందని అందరూ అంటారు. నేను చూసిన చోట డబ్బుకు కొదవ లేదు. లారీకి ఉంది, షామియానాకు ఉంది, అతిథి శాలువాకు ఉంది. ట్రస్టు వారి వెబ్‌సైటులో ఆ మొక్కలన్నీ ఈరోజుకీ పచ్చగా ఉన్నాయి. వాటిలో ఎన్ని బతికాయని మెయిల్ రాసి అడిగాను. కొలవడానికి బడ్జెట్ కేటాయించలేదని మర్యాదగా జవాబు వచ్చింది. చచ్చిపోయాయని చెప్పాలన్నా ముందు ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా. మా తీరంలో ఆ పని చేసేవాళ్లను ఇంటికి పంపించేశాం.

ఇలాంటి పనిమీద సికింద్రాబాదు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. అక్కడ మిమ్మల్ని ఎన్ని నాటుతారని అడుగుతారు. పోయిన ఏడు నాటినవాటిలో ఎన్ని బతికాయని మీరు వాళ్లను తిరిగి అడగదలుచుకుంటే, తిరుగు టికెట్ మధ్యాహ్నం బండికే తీసుకోండి. సాయంత్రం దాకా అక్కడ మీకు పని ఉండదు.