మూత మీది నిప్పులు

సహోదరులారా, మొన్న ఆదివారం పొద్దున మా పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆమెది మా పక్క ఇల్లే. ప్రార్థనకు పిలుద్దామని వెళ్తే, బొగ్గుల పొయ్యి ముందు పీట మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఒళ్లు చల్లబడింది. పొయ్యి మీద గంజు గిన్నెలో పెద్దకూర మాత్రం ఇంకా కుతకుతలాడుతోంది. నిప్పు మీద బూడిద కప్పాను గానీ మూత తీయలేదు. బతికుండగా ఆ మూత మీద చెయ్యి వేసినవాణ్ణి ఆమె పట్కారుతో కొట్టేది.

వయసులో ఉన్నప్పుడు ఆబిడ్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబానికి వంట చేసింది. ఆ ఇంట్లో నేర్చుకున్నదే ‘కాటేజీ పై’ అనే దొరల వంట. తెల్లారకముందే లేచి ఎద్దు కాలి కండను ముక్కలు కోసి, గంజులో నల్లబడేదాకా మాడ్చి, ఉల్లిగడ్డ, గాజర్, మిరియాలు వేసి మూత పెట్టేది. ఇక మధ్యాహ్నం దాకా సన్నని సెగ. ముక్క చెంచాకే విడిపోయే వేళకు ఉడికిన ఆలుగడ్డలను వెన్నతో గుద్దేది. మెదపడం కాదు, గుద్దడమే! పగవాడి మూతి పగలగొట్టినట్టు. గాజుల చేతుల మీద నరాలు తేలేవి. ‘‘కోపమంతా ఆలుగడ్డ మీద తియ్యాలె కొడుకా, మనిషి మీద గాదు’’ అనేది. ఆ తెల్లని ముద్దను మాంసం మీద దుప్పటిలా పరిచి, మూత పెట్టి, మూత మీద మండే బొగ్గులు పోసేది. పైన నిప్పు, కింద నిప్పు. నడుమ విందు.

ప్లేట్లు ఉండవు. గంజు నేల మీద పెట్టి, చుట్టూ కూర్చుని, ఎవరి వైపు నుంచి వాళ్లు చెంచాతో తవ్వుకోవాలి. ‘‘ప్లేట్లు తీస్తే ఇంట్ల గోడ కట్టినట్టే’’ అనేది.

చివరికి గోడ మాటే వచ్చింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు గౌలిగూడలో ఆటో నడుపుతాడు, చిన్నోడు గన్‌ఫౌండ్రీలో జిరాక్స్ దుకాణంలో పనిచేస్తాడు. ఉన్న రెండు గదుల నడుమ చిన్నోడు గోడ లేపాడు. సిమెంటు ఆరకముందే పెద్దోడు దాన్ని కాలితో తన్ని కూల్చాడు. గోడ కూలిన ఆ వారం, ఆదివారం నాడు గంజు ముందు కూర్చున్న ఇద్దరూ మాటా మాటా అనుకుని లేచారు. మాంసం కోసే కత్తి పెద్దోడి చేతికి అందింది. చిన్నోడి గొంతు దగ్గర దాని అంచు మెరవడం ఈ కళ్లతో చూశాను. నేను చేతిలోని బైబిలును ఛాతీకి హత్తుకుని గోడకు జరిగాను.

పెద్దమ్మ పట్కారుతో నిప్పుల మూతను అమాంతం ఎత్తి ఇద్దరి మొహాల నడుమకు తోసింది.

‘‘కోస్తవురా? కొయ్యి! ముందుగాల గీ నిప్పులు మింగి, గప్పుడు కొయ్యి!’’

బొగ్గులు జారి పెద్దోడి మణికట్టు మీద పడ్డాయి. చర్మం కాలిన వాసన, మాంసం వాసన కలిసిపోయాయి. కత్తి కిందపడింది. వారం తిరక్కుండానే ఇద్దరూ చెరో దిక్కున కిరాయి ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం ఆమె వండింది. బాక్సులో పంపమని ఇద్దరూ కబురు పెట్టేవాళ్లు. ‘‘బాక్సు లేదు, గీక్సు లేదు. ఇద్దరొచ్చి ఒక్క గంజుల తింటే తినున్రి, లేకుంటే ఆకలితోటి సావున్రి!’’ గంజు పక్కన రెండు చెంచాలు పెట్టి ఎదురుచూసేది. చీకటి పడ్డాక గల్లీ వాళ్లకు పంచేది. ఆమె కోరింది అదొక్కటే: ఇద్దరు కొడుకులు, ఒక్క గంజు.

నేను ఊరుకుంటానా? ద్వేషం ఉన్నచోట కొవ్విన ఎద్దు మాంసం కన్నా ప్రేమ ఉన్నచోట ఆకుకూర నయమని వాక్యం తీసి చూపించాను.

‘‘అయితే నువ్వు ఆకుకూర తిను. పెద్దకూర మీ అన్నదమ్ములకు ఉంచు’’ అంది. మళ్లీ తనే, ‘‘గట్టి ముక్క మీద మంట పెంచితే ఇంక గట్టిపడ్తది పాస్టరూ. నువ్వేమో మైకుల మంట పెంచుతవు’’ అంది. నేను గల్లీ కూటాల్లో వాక్యం చెప్పేవాణ్ణే గానీ పాస్టర్ని కాదని తెలిసీ ఎగతాళికి అలాగే పిలిచేది.

మొన్న చావు కబురందుకుని ఇద్దరూ వచ్చారు; ఆ మధ్యాహ్నమే సమాధుల తోటకు బయల్దేరే వేళ వాళ్ల నడుమ మళ్లీ రేగింది. శవపెట్టెకు ముందు భుజం ఎవరిదని. ‘‘ఇంట్లకెంచి ఎల్లిపోయినోనివి, నీకేం హక్కుందిరా?’’ అని పెద్దోడు కాలర్ పట్టాడు. ‘‘నువ్వేమన్న అమ్మ కాడ ఉన్నవా?’’ అని చిన్నోడు తలతో మూతి మీద పొడిచాడు. పెద్దోడి పెదవి చీలింది. బైబిల్లో, పొలంలో తమ్ముణ్ణి చంపిన మొదటి అన్న గతి ఏమైందో గొంతు చించుకుని చెప్పాను. ఎవడు విన్నాడు? ‘‘అయ్యో, అవ్వ పడ్తది!’’ అని ఆడవాళ్లు అరిచారు. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. అన్నదమ్ముల నాలుగు చేతులూ ఒక్కసారే దాని కిందికి వెళ్లాయి. ఇక ఇద్దరూ చెరోపక్క ముందు భుజం పట్టి మోశారు.

దీపాల వేళకు ఇంటికొచ్చాం. పెద్దోడు పొయ్యి ముందు నిలబడ్డాడు.

‘‘మూత ఎవలన్న తీసిన్రా?’’

‘‘ఎవ్వలు తియ్యలే’’ అన్నాను.

పీట మీద కూర్చుని, అమ్మ కడిగి పెట్టుకున్న ఆలుగడ్డలు ముందుకు లాక్కున్నాడు. చిన్నోడు బూడిద ఊది బొగ్గులు రాజేశాడు. మాంసం మళ్లీ తుకతుకా ఉడికింది. ఉడికిన ఆలుగడ్డలను పెద్దోడు గుద్దాడు చూడండి, అచ్చం తల్లిలాగే, పళ్లు బిగించి, కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే. మూత మీద నిప్పులు పోశారు. పగవాడికి ఆకలైతే అన్నం పెట్టు, అది వాడి తల మీద నిప్పులు పోసినట్టే అని వాక్యం చెబుతుంది. దాని మీద నేనెన్ని ప్రసంగాలు చేశానో! ఆ నిప్పులను దగ్గర నుంచి చూసింది ఆ సాయంత్రమే.

నేను ప్లేట్లు తెచ్చాను.

‘‘ప్లేట్లెందుకురా?’’ అన్నాడు పెద్దోడు.

ఇద్దరూ చెరోవైపు నుంచి తవ్వుకుంటూ వచ్చారు. పెద్దోడు వంగినప్పుడు చీలిన పెదవి నుంచి ఒక రక్తపు చుక్క తెల్లని ఆలుగడ్డ మీద పడింది. చేతులు ఆగాయి. పక్కన పెట్టిన మూత మీద బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. చిన్నోడు ఆ చుక్క కిందికే చెంచా పోనిచ్చి, మాంసంతో సహా తీసి నోట్లో పెట్టుకున్నాడు.