ఎండని ఆవులు

నా చిన్నప్పుడు, ములకలపల్లిలో ఉండగా, మా పక్కింటి అక్క ఆయిల్ రంగులతో బొమ్మలు వేసేది. బడి వదలగానే నేను నేరుగా వాళ్ల వసారాలో వాలేదాన్ని. బ్రష్షులు తుడవడం నా కొలువు. ఆ కొలువు గురించి తోటి పిల్లల దగ్గర నేను కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు.

ఆ వేసవిలో అక్క ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టింది. మా ఇద్దరికీ చదువు చెప్పిన కాన్వెంటు సిస్టరమ్మ రిటైరై నెలాఖరుకు కేరళ వెళ్లిపోతోంది. అడవి అంచున మేసే గొడ్లను రోజూ కిటికీలోంచి చూడటం ఆమెకు ఇష్టం. వాటిని బొమ్మగా ఆమె వెంట పంపాలని అక్క ఆశ. కొండలు, టేకు చెట్లు, గడ్డి వేసి ఆరనిచ్చింది. ఇక ఆవులు, మేకలు, ఒక బర్రె మిగిలాయి.

ఆ రోజు అక్క లోపలికి వెళ్లినప్పుడు నా మోచేయి తగిలి, రంగుల్లో కలిపే అవిసె నూనె సీసా ఒలికిపోయింది. భయంతో ఒలికింది తుడిచేసి, ఇంటికి పరుగెత్తి, మా అమ్మ దీపానికి వాడే ఇప్పగింజల నూనె తెచ్చి సీసా నింపేశాను. రెండూ పచ్చగానే ఉన్నాయి. నూనె నూనెయే కదా అనుకున్నాను, అంతటి తెలివి నాది.

అవిసె నూనె గాలికి ఎండి గట్టిపడుతుంది. ఇప్పనూనె ఎన్నాళ్లున్నా ఎండదు. ఆ సంగతి తెలియక అక్క ఆ సీసాలోని నూనె కలిపే పశువులన్నీ వేసింది. వారం గడిచినా ఆవులు వేలికి అంటుతూనే ఉన్నాయి. అక్క అద్దం ముక్క మీద ఒక పక్క ఆ సీసాలోని నూనె, మరో పక్క కొత్తగా తెప్పించిన అవిసె నూనె పలచగా రాసి కిటికీలో పెట్టింది. రోజూ తాకి చూసి చెప్పే పని నాకు అప్పగించింది.

రెండు రోజులు తాకి చూసి, రెండు పక్కలా తడిగానే ఉందని చెప్పాను. మూడోరోజు సాయంత్రం ఒక పక్క ఆరిపోయింది. రెండో పక్క తడి తడిగానే ఉంది. సిస్టరమ్మ ప్రయాణం ఇంకా ఐదు రోజులే. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

“నాకు ఎరికే పిల్లా. అద్దానికి రాస్తుంటేనే వాసన తెలిసింది” అంది అక్క.

“మరి మూడు దినాలు ఎందుకు ఆగినవ్ అక్కా?”

“నువ్వే చెప్తవని. ఇగ ఏడ్వకు. గీకుదాం పా.”

ఇద్దరం కలిసి పశువులన్నింటినీ గీకి, టర్పెంటైన్‌తో తుడిచేశాం. ఉన్న సమయంలో రెండు ఆవులే వేయగలిగింది అక్క. ఒక మేకను నాతో వేయించింది. అది కుక్కలా వచ్చింది. బొమ్మ చూసి సిస్టరమ్మ కళ్లు తుడుచుకుని, బర్రె ఏదని అడిగింది. అడవిలోకి మేతకు పోయిందని చెప్పింది అక్క, నా వైపు చూడకుండా.

తర్వాత నేను దవాఖానాలో నర్సునై, రిటైరయ్యాను కూడా. ఒకసారి ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చాను. చూసుకున్న మరు నిమిషంలో డాక్టరు ముందు నిలబడి చెప్పాను. చీవాట్లు తిన్నాను. మనిషి మాత్రం దక్కాడు. ఆ రోజు నాలో ఉన్న కాస్త ధైర్యం అక్క పెట్టిన భిక్షే. బొమ్మకు రోజులు చాలని వేళ, ఒక పిల్ల నోరు విప్పుతుందని ఆమె మూడు రోజులు వదులుకుంది. ఆ మూడు రోజులే నన్ను ఇప్పటిదాకా కాస్తున్నాయి.