ఈదని బ్యాక్టీరియా, తమలపాకుల కుండ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విరుదునగర్‌లోని ఒక కాలేజీలో పరిశోధన చేస్తుండేదాన్ని. మా ఊరు కోవిల్‌పట్టి అవతల, నల్లరేగడి చేల మధ్య. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ఇంకా చాలా ఏళ్ళకు.

నా పని బ్యాక్టీరియా తోకల మీద. తోక మొదట్లో, కణం గోడలో, ప్రోటీన్లతో కట్టిన చిన్న మోటారు ఉంటుంది. అది గిర్రున తిరిగితే తోక తిరుగుతుంది, బ్యాక్టీరియా ఈదుతుంది. నాకిచ్చిన రకంలో ఆ మోటారు భాగమొకటి తయారుచేసే డీఎన్‌ఏ ముక్క లేదు. ఆ ముక్కను నేను లోపలికి చేర్చాలి. ఈత వస్తే పని గెలిచినట్టే.

చేర్చాను. ఈదలేదు. మళ్ళీ చేర్చాను. డీఎన్‌ఏ బయటికి తీసి చూస్తే ముక్క భద్రంగానే ఉంది. మెత్తటి జెల్లీ పోసిన పళ్ళెంలో నడుమ ఒక చుక్క పెడితే, ఈదేవి వలయంలా నలుదిక్కులా పాకాలి. నావి పెట్టినచోటే కూర్చునేవి. అలా మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. ఒకరోజు బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను కూడా.

నా పరిశోధనకు గైడైన మా మేడం ఒక్క ప్రశ్న అడిగారు. "మామూలు రకాన్ని పక్కన పెట్టి చూస్తున్నావా?"

జనవరిలో అది చక్కగా ఈదింది కదా అని తర్వాత పెట్టడం మానేశాను. ఆ రోజే పెట్టాను. మర్నాడు చూస్తే అదీ కదల్లేదు! పరుగున వెళ్ళి చెప్పాను. మేడం పకపకా నవ్వారు.

"తప్పు నీది కాదు, విరుదునగర్ ఎండది. మరీ వేడెక్కితే ఇవి తోకలే మొలిపించుకోవు."

మా ఇంక్యుబేటరుకు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. గదిలోనే ముప్పై తొమ్మిది డిగ్రీలు. నాకు ముప్పై కావాలి. ఏసీ ఉన్నది కంప్యూటర్ల గదిలో. బ్యాక్టీరియాను అక్కడికి రానివ్వరు.

శనివారం ఇంటికి వెళ్ళాను. అమ్మ వాకిట్లో ఎండుమిరపకాయలు తిరగేస్తోంది.

"ఏం పాపా, మొగం ఇట్ల ఉండాది?"

"నా పూచ్చులు ఈదలేదమ్మా. రొంబ వేడి." పురుగుకు మా ఇంట్లో పూచ్చి అనే అంటాం, చాలా అనడానికి రొంబ. బ్యాక్టీరియాకు వేరే మాట లేదు.

"ఎంత ఉంటాయి అవి?"

"కంటికి కనపడవు."

"కనపడనిదానికి ఈత ఒకటా!" అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఐసు పెట్టెలో పెట్టరాదా?"

"మరీ చల్లనమ్మా. పెరగనే పెరగవు."

"అట్లయితే తమలపాకుల కుండలో పెట్టు."

మా ఇంట్లో పెద్ద కుండలో చిన్న కుండ దింపి, నడుమ తడి ఇసుక నింపి, పైన తడి గోనె కప్పేవాళ్ళం. తమలపాకులు వారమైనా వాడేవి కావు. ఆ మాట నాకెందుకు తట్టలేదో!

సోమవారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం. పెద్ద కుండ అమ్మ ఒళ్ళో, చిన్నది నా ఒళ్ళో. కండక్టరు తమిళంలో అడిగాడు. "ఏమ్మా, కుండలతో బయల్దేరారు, ఈ ఎండల్లో పొంగల్ పండగా?"

"కాదు తంబీ, పూచ్చులకు ఇల్లు," అంది అమ్మ, తమిళంలోనే, చాలా గంభీరంగా. వెనక సీట్లవాళ్ళు కూడా తొంగిచూశారు.

లేబొరేటరీలో కిటికీ పక్కన, గాలి తగిలేచోట కుండలు పెట్టాం. మధ్యాహ్నానికి లోపలి థర్మామీటరు ముప్పై దగ్గర నిలబడింది. మూడు పళ్ళేలు దింపాను: మామూలు రకం, మోటారు చెడినది, నేను బాగుచేసినది. అమ్మను హాస్టల్లో నా గదిలోనే ఉంచుకున్నాను.

పొద్దున్నే గోనె తీశాను. చెడినది చుక్కలాగే ఉంది. మామూలుదాని చుట్టూ వలయం. నాదాని చుట్టూ కూడా వలయం! కాస్త చిన్నది, అంతే. నేను అరిచిన అరుపుకు మేడం చెప్పులు వదిలేసి వచ్చారు.

ఆ బ్యాక్టీరియాను కొంచెం తీసి, తోకలు పొట్టిగా తెంపి, ఆ మొండి తోకలతో గాజుకు అంటించాను. తోక కదలడానికి వీల్లేదు కాబట్టి మోటారు తిరిగితే ఒళ్ళే తిరగాలి. మైక్రోస్కోపులో అమ్మను చూడమన్నాను. ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసింది. మేడం నవ్వుతూ ఒక కన్ను తన చేత్తో కప్పారు.

"అయ్యో తల్లీ, గానుగెద్దు మాదిరి తిరగతా ఉండాదే!"

కాసేపు ఊపిరి బిగబట్టి చూసింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "పాపా, నిలబడింది. ఇప్పుడు అవతల పక్కకు తిరగతాది!"

నేను అది తిరుగుతోందా అని మాత్రమే చూశాను గాని, దిక్కు మార్చడం గమనించలేదు. మేడం వంగి చూసి తల ఊపారు. మోటారు ఎదురుదిక్కుకు మళ్ళుతోందంటే నేను చేర్చిన ముక్క పూర్తిగా పనిచేస్తున్నట్టు.

"మీ అమ్మగారి పేరూ నోటుబుక్కులో రాయి," అన్నారు నాతో.

రాశాను. ఈలోగా పక్క గదుల పిల్లలంతా వచ్చి వరసలో నిలబడ్డారు. అమ్మ మాత్రం జరగలేదు. "ఉండండి కన్నా, ఇంకో తూరి మళ్ళతాదేమో చూస్తా," అంది. మేడం తన కుర్చీ తెచ్చి అమ్మ వెనక వేశారు.