కాకి ముట్టని విస్తరి

మా పెదనాయన, అంటే మా నాన్నకు అన్న, బతికుండగానే ఒకసారి చచ్చిపోయాడు. చచ్చి ఎక్కడికీ పోలేదు, మా అరుగు మీదే కూర్చున్నాడు. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

ఆంధ్రా సరిహద్దున కర్ణాటకలో ఉన్న మా రాయచెర్లులో మనుషుల కన్నా ముందు భూములకే వైరాగ్యం వచ్చింది. శెనక్కాయ, కంది, ఉలవ అన్నీ వదిలేసి, సోలార్ పలకలు కప్పుకొని, సూర్యుడి వైపు మొహం పెట్టి తపస్సుకు కూర్చున్నాయి. ఆ తపస్సు ఫలం తీగల మీద బెంగళూరు పోతుంది. మా ఇంట్లో ఫ్యాను మాత్రం ఎండాకాలం మిట్టమధ్యాహ్నానికి నిలిచిపోతుంది. భూమి ఇచ్చినవాళ్ళకు ఏటా గుత్త వస్తుంది, చేయడానికి పని ఉండదు. కొందరు పేకాటకు కూర్చున్నారు. కొందరు హొసకోట బ్రాందీ షాపుకు దారి కనిపెట్టారు. మా పెదనాయన మంచం మీద వెల్లకిలా పడుకొని ఫోన్లో ప్రవచనాలు వినడం మొదలుపెట్టాడు. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం అని పెద్దలు మూడు చెప్పారు. నాలుగోది సోలార్ వైరాగ్యం. అది మా పావగడ తాలూకా సొంతం.

ఆయన ఒక్కొక్కటే త్యజిస్తూ వచ్చాడు. మొదట సేద్యం త్యజించాడు, భూమి అప్పటికే కంచె లోపల ఉంది. తర్వాత తీపి త్యజించాడు, అప్పటికే డాక్టరు చక్కెర జబ్బని చెప్పి ఉన్నాడు. ఆ తర్వాత గొర్రెలను త్యజించాడు. వాటిని మొదటినుంచీ మేపేది మా పెద్దమ్మే. పొద్దున సంగటి ముద్ద మూటగట్టుకొని మందను తోలుకుపోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. వచ్చి వేణ్ణీళ్ళు కాచి ఈయనకు పోస్తే, ఈయన ఆ నీళ్ళు పోసుకుంటూ దేహం మిథ్య అని చెప్పేవాడు.

"మిథ్య అయితే వీపు రుద్దమని నన్నెందుకు పిలుస్తావప్పా?" అనేది పెద్దమ్మ.

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందన్నట్టు, ఒకరోజు ఈయన సన్న్యాసం తీసుకుంటానని ఆంధ్రా వైపు గుట్ట మీద ఉండే మఠానికి పోయాడు. నీ భార్య ఒప్పుకుందా అని అక్కడి స్వామి అడిగితే, "ఆయమ్మ ఎప్పుడో ఒప్పుకునింది స్వామీ" అన్నాడట. పెద్దమ్మ ఆ సమయంలో కుంటుతున్న గొర్రెకు కాలి పుండు కడుగుతోంది. ఆమెకు ఏమీ తెలియదు. అక్కడ ఈయనకు గుండు గీయించారు, పద్ధతి ప్రకారం తన పిండం తన చేతే పెట్టించారు, కాషాయం కట్టించారు. మఠంలో గది ఖాళీ అయ్యేదాకా ఊళ్ళో భిక్ష చేసుకుంటూ ఉండమని పంపించారు. సన్న్యాసి సొంత ఇంట్లో ఉండకూడదు కదా! అందుకని ఎదురిల్లయిన మా ఇంటి అరుగు మీద దిగాడు. మా అమ్మ పెట్టిన ఉప్మా తిని, ఇందులో కాసింత జీడిపప్పు పడి ఉంటే నిర్గుణంగా ఉండేదన్నాడు.

ఇంతవరకూ నవ్వులాటే. ఆ సాయంత్రం మా వంశానికంతా పెద్ద అయిన ముసలవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పెద్దమ్మను పిలిచి, "నీ మొగుడు పిండం పెట్టుకునింటే సచ్చినట్టే లెక్క కోడలా. ఇంక నీకు గాజులుండకూడదు. వచ్చే మంగళారం జ్యోతి కూడా నువ్వు ఎత్తుకోకూడదు" అంది.

మా మారెమ్మ జాతరలో బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన జ్యోతులను ఆడవాళ్ళు నెత్తి మీద పెట్టుకొని గుడికి పోతారు. వంశంలో మొదటి జ్యోతి పెద్దకోడలిది, అదీ ముత్తైదువగా ఉన్నంతకాలమే. పెద్దమ్మకు ఆ జ్యోతంటే ప్రాణం. చీర, నగ, సినిమా ఏ దానిమీదా ఆశ పడని మనిషి జాతరకు నెల ముందే బియ్యం ఏరుకునేది. ఆ మాట విని ఆమె మొహం మాడిపోయింది. నేనైతే ముసలవ్వ మీదికే పోయాను. "ఆయన అరుగు మీద కూసోని ఆవులిస్తా ఉంటే ఈయమ్మ ముండమోపి ఎట్లయితాదవ్వా?" అన్నాను. "ఆచారం అట్లుండాది పాపా, నేనేం చేసేది" అంది అవ్వ. సన్న్యాసిగారేమో కళ్ళు మూసుకొని, "నాకు సంసార విషయాలు చెప్పొద్దండి" అన్నాడు.

పెద్దమ్మ కొంగు దోపుకొని, "సరేవ్వా. సచ్చినాడంటే సచ్చినాడే. సచ్చినోనికి చేసేవన్నీ చేస్తా. మూడోనాడు కాకికి పెట్టి, అది ముట్టినాక గాజులు తీస్తా" అంది.

చేసింది కూడా. మూడోనాడు మందను మా నాన్నకు అప్పజెప్పి, హొసకోట నుంచి వేటకూర తెప్పించింది. రాగిసంగటి, శెనక్కాయలు నూరి చేసిన ఊరుబిండి పచ్చడి, ఉల్లిగడ్డ, ఆయనకిష్టమైన బీడీకట్ట, అన్నీ విస్తరిలో పెట్టి సోలార్ కంచె పక్కన బండ మీద ఉంచింది. బంధువులంతా వచ్చారు. ఆ బండ వాళ్ళింటి పక్కనే, మా అరుగుకు ఎదురుగ్గానే ఉంది. కూర వాసన అరుగుదాకా వస్తోంది. సన్న్యాసి ముక్కు మూసుకొని ప్రాణాయామం చేయబోయాడు, మధ్యలోనే ఊపిరి గట్టిగా పీల్చాడు.

కాకి వచ్చింది. కంచె మీద వాలింది. విస్తరి వంక చూసింది, గుండు వంక చూసింది, ఎగిరిపోయి సోలార్ పలక మీద కూర్చుంది. ఎంత పిలిచినా దిగదు.

కాకి ముట్టకపోతే చచ్చినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు పెద్దవాళ్ళు ఆకాశం చూసి దండం పెట్టి, నీ కోరిక తీరుస్తాం, నీ వాళ్ళను చూసుకుంటాం అని చెప్పాలి. ముసలవ్వ అలవాటుగా ఆకాశం చూసింది. తర్వాత ఏదో గుర్తొచ్చి, ఇటు తిరిగి అరుగుకు దండం పెట్టింది. ఆమె వెనకే బంధువులందరూ తిరిగారు.

"ఏం కోరిక మిగిలిందిరా నాయనా? చెప్పు, కాకి రాలే."

"నాకేం కోరికవ్వా! నేను ఆత్మను" అన్నాడు పెదనాయన.

"మరి కాకి అబద్ధం చెప్తాదా?"

ఎండెక్కింది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. కాకి ముట్టందే ఎవరికీ విస్తరి వేయరు. ఆత్మగారు ఒకసారి గొంతు సవరించుకుని, "ఊరుబిండిలో తెల్లగడ్డ ఏసినారా?" అని అడిగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకాసేపటికి లేచాడు. "పదిమంది పస్తుండేది పాపం, లోకహితం కోసరం ఇది" అంటూ బండ దగ్గరికి పోయి, కూర్చొని, సంగటి తుంచి కూరలో అద్ది మింగాడు. తర్వాత విస్తరి ఊడ్చేదాకా తలెత్తలేదు. పగలబడి నవ్వాం.

"తినేటోడు సచ్చినోడెట్లయితాడు!" అని ముసలవ్వ తీర్పు చెప్పింది. "కోడలా, గాజులు తీసే పన్లేదు. జ్యోతి నువ్వే ఎత్తుకో."

పెద్దమ్మ అందరికీ వడ్డించే గరిటె పక్కన పెట్టింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేనెత్తుకోనవ్వా. ఆయన మూతి ఆరింటే ముండమోపిని, తడిసింటే ముత్తైదువని. నన్ను అడిగినోళ్ళు ఎవురూ లేరు. ఇడిసిపెట్టేటప్పుడు అడగలా, తిరిగొచ్చేటప్పుడూ అడగలా. అట్లాంటి జ్యోతి నాకెందుకు?"

బతిమాలారు, తిట్టారు, మారెమ్మకు కోపమొస్తుందన్నారు. ఆమె మాట మార్చలేదు. పెదనాయన కాషాయం విప్పి అటకెక్కించాడు. మంగళవారం జాతరకు కొత్త పంచె కట్టి డప్పుల ముందర ఎగిరాడు కూడా. మొదటి జ్యోతి రెండో కోడలైన మా అమ్మ ఎత్తుకుంది.

నేను సద్ది తీసుకొని పెద్దమ్మను వెతుక్కుంటూ పోయాను. కంచె పొడుగునా మిగిలిన గడ్డిలో గొర్రెలను మేపుతోంది. ఊళ్ళోంచి డప్పుల మోత గాలికి వస్తూ పోతూ ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

"జ్యోతి మీద ఆశ పోయిందా పెద్దమ్మా?" అన్నాను.

"యాడికి పోతాది పాపా!" అంది, నడినెత్తి మీద అరచెయ్యి పెట్టుకొని. "డప్పు ఇనపడినప్పట్నుంచీ ఈడ జివ్వుమంటానే ఉండాది. అననీలే."