స్కూటర్ అల్ ఖోర్‌లో, తాళం చెవి దోహాలో

నవంబర్, శుక్రవారం. ఎండ ఉన్నా గాలి చల్లగా ఉంది. పొద్దున్నే డ్యూటీ బట్టలు ఉతికి డాబా మీద ఆరేశాను. ప్రపంచ కప్‌కు ఇంకా ఏడాది ఉంది. మా బావ మల్లేశ్ మాత్రం అల్ ఖోర్ స్టేడియం పని ముగించుకుని ఈరోజే ఇంటికి పోతున్నాడు. తాను పని చేసిన, గుడారంలా బట్ట కప్పిన ఆ స్టేడియాన్ని ఒక్కసారి బయటి నుంచి చుట్టూ తిరిగి చూడాలని అతని కోరిక. ఒకటిన్నరకు అతని కార్మికుల క్యాంప్ నుంచి విమానాశ్రయానికి బస్సు. ఆలోపు తిప్పుతానని మాటిచ్చాను.

దోహాలో, ఉమ్ ఘువైలినాలో మా పక్క గదిలో ఉండే సాదిక్ భాయ్ తన మాక్సీ స్కూటర్‌ను తానే స్టార్ట్ చేసి నా చేతికిచ్చాడు. పదిన్నరకు బయలుదేరాను. మూడు వందల సీసీ ఇంజను, గేర్లు లేవు. పిడి తిప్పితే చాలు, హైవే మీద కార్లతో సమానంగా సాగింది. నిలబెట్టినప్పుడు ఎద్దులా బరువు, కదిలాక ఆ బరువే తెలియదు. కాళ్ళు ముందుకు చాపుకోవచ్చు. ముందున్న అద్దం గాలిని తల మీదుగా పంపేస్తుంది. లుసైల్ దాటాక రోడ్డు మీద ఇసుక కనిపించి గట్టిగా బ్రేక్ వేశాను. ఏబీఎస్ ఉంది కాబట్టి చక్రం బిగుసుకోలేదు, బండి వంకర పోలేదు. మీటర్ మీద ఏదో దీపం మినుకుమంటుంటే అందంగా ఉందనుకున్నాను.

అల్ ఖోర్ మొదట్లో పెట్రోల్ బంకు దగ్గర ఇంజను ఆపాను. ట్యాంకు మూత తెరుచుకోలేదు. బండి మళ్ళీ స్టార్ట్ కాలేదు. తాళం చెవి పెట్టే రంధ్రం కోసం వెతికితే అసలు లేనే లేదు. ఈ బండి చెవి జేబులో ఉంటే చాలట, బంకు అతను చెప్పాడు. అది సాదిక్ భాయ్ జేబులో ఉండిపోయింది. నడుస్తున్న ఇంజను చెవి దూరమైనా ఆగదు. ఆ దీపం దారంతా చెప్పింది అదే. ఫోన్ చేస్తే ఎత్తలేదు. జుమ్మా నమాజు వేళ.

నా ఫోన్ అందుకుని బావ క్యాంప్ నుంచి నడిచి వచ్చాడు. "గింత పెద్ద బండి తెచ్చినవ్. తోసుకుంట తిప్పుతవా బామ్మర్దీ?"

"జర ఆగు బావా, సాదిక్ భాయ్ వస్తడు."

"బస్సు ఆగదు గదా!"

నమాజు అయ్యాక ఫోన్ వచ్చింది. "యా అల్లా! చాబీ నా జేబులనే ఉందన్నా! కూసుంటె తొడకు గుచ్చుకుంటనే ఉండె. యల్లా, జల్దీ దోస్త్ కారుల వస్తున్న."

ఒంటిగంటకు ముందే దిగాడు. అతను దగ్గరికి రాగానే మీటర్ వెలిగింది. సీటు ఎత్తితే కింద రెండో హెల్మెట్! చెవి నా జేబులో వేసుకుని, బావను ఎక్కించుకుని స్టేడియం చుట్టూ ఒక్క చుట్టు తిప్పాను. బావ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"గా మూలకు బట్ట గుంజింది మేమే. రోజూ లోపల్నే ఉంటిమి, గింత పెద్దగుందని తెల్వలేదురా!"

బస్సు ఇంజను ఆన్‌లో ఉండగా క్యాంప్ గేటు చేరాం.

వేలమంది వచ్చి చూసే దాన్ని, కట్టినవాడు అందరికంటే ముందు చూశాడు. ఆ ఒక్క చుట్టు కోసం ఎంత దూరమైనా మళ్ళీ నడుపుతాను. మీరు ఇలాంటి బండి అడిగి తీసుకుంటే, కదిలే ముందు చెవి మీ జేబులో ఉందో లేదో తడిమి చూసుకోండి.

గదికి తిరిగొచ్చేసరికి బండి నిండా దుమ్ము. కడగడానికి బకెట్‌లో నీళ్ళు పట్టి పెట్టాను. ఇంతలో బావ విమానాశ్రయం నుంచి ఫోన్ చేస్తున్నాడు, ఉంటాను.